కారు లేని ఇంటికి కారు: తెలంగాణ రేషన్ కార్డుల రద్దుపై ఒక కేస్ స్టడీ

కార్డు రద్దయిన సంగతి చాలా ఇళ్లకు రేషన్ షాపులోనే తెలిసింది. డీలర్ నెంబరు కొడతాడు, ‘ఆన్‌లైన్‌ల చూపిస్తలేదమ్మా’ అంటాడు, అంతే. నోటీసు లేదు, కారణం రాసిన కాగితం లేదు, ఎవరి సంతకమూ లేదు. ఎమ్మార్వో ఆఫీసుకు పోతే ‘మేం తీసెయ్యలేదు, పైనుంచి కంప్యూటర్‌లోనే పోయింది’ అన్న జవాబు. ఏఐ అనే మాట ఇంటింటి మాట కాకముందే, దాని గురించిన జంకు తెలంగాణ పల్లెల్లో, హైదరాబాద్ బస్తీల్లో ఇలా మొదలైంది.

ఈ కేసును వివరంగా చూడటానికి కారణముంది. ఏఐ మీద జరిగే చర్చ ఎక్కువగా ఉద్యోగాలు పోతాయనో, మనిషిని మించిపోతుందనో సాగుతుంది. ఇక్కడ జరిగింది అంత పెద్ద మాట కాదు. రెండు జాబితాల్లోని పేర్లను ఒక సాఫ్ట్‌వేర్ కలిపింది. కలిపినది నిజమో కాదో గడప దాకా వెళ్లి చూసేవాళ్లు లేరు. నష్టమంతా ఆ రెండో వాక్యంలో ఉంది.

ఏం జరిగింది

2014 నుంచి 2019 మధ్య తెలంగాణలో 18.6 లక్షలకు పైగా ఆహార భద్రత కార్డులు రద్దయ్యాయి. అదే కాలంలో 1,42,086 కొత్త దరఖాస్తులు తిరస్కరణకు గురయ్యాయి. 2016 నుంచి ఈ ఏరివేతలో ‘సమగ్ర వేదిక’ అనే వ్యవస్థను వాడారు. వేర్వేరు శాఖల దగ్గరున్న డేటాబేసులను, అంటే రవాణా శాఖ బండ్ల రిజిస్ట్రేషన్లు, ఆస్తి పన్ను, కరెంటు కనెక్షన్లు, భూమి రికార్డులు లాంటివాటిని, ఒకచోటికి తెచ్చి ఒక్కో మనిషికి, ఒక్కో కుటుంబానికి ఒక చిత్రం తయారుచేయడం దాని పని. కార్డు ఉన్న ఇంటికి నాలుగు చక్రాల బండి ఉన్నట్టు తేలితే ఆ ఇల్లు అనర్హుల జాబితాలోకి పోతుంది.

అర్హత నిబంధనలు కాగితం మీద తేటగానే ఉన్నాయి. ఏడాది ఆదాయం గ్రామాల్లో లక్షన్నర, పట్టణాల్లో 2 లక్షలు దాటకూడదు. భూమి తరి అయితే మూడున్నర ఎకరాలు, మెట్ట అయితే ఏడున్నర ఎకరాలు మించకూడదు. వీటిని తేల్చడానికి గతంలో గిర్దావర్ (రెవెన్యూ ఇన్‌స్పెక్టర్) ఇంటికొచ్చి చూసేవాడు. ఆ పద్ధతిలో లంచం ఉంది, మొహమాటం ఉంది, ఊరి రాజకీయం ఉంది. ఆ కాలం బాగుందని ఎవరూ అనరు. నిజంగానే బోగస్ కార్డులు ఉండేవి, కారున్న ఇళ్లకూ తెల్ల కార్డులుండేవి. సాఫ్ట్‌వేర్ తేవాలన్న ఆలోచన అక్కడ పుట్టింది, ఆ ఆలోచనలో తప్పు లేదు.

కార్డు పోతే ఏం పోతుందో లెక్క వేస్తే తీవ్రత తెలుస్తుంది. తెలంగాణలో మనిషికి నెలకు 6 కిలోల బియ్యం. నలుగురున్న ఇంటికి 24 కిలోలు, ఏడాదికి 288. బజారులో కిలో 40 రూపాయలనుకున్నా ఏడాదికి 11,520 రూపాయల బియ్యం. అంత్యోదయ కార్డుకైతే మనుషుల లెక్క లేకుండా నెలకు 35 కిలోలు. పైగా ఆ కార్డే చాలా కాలం ఆరోగ్యశ్రీకి దారి. తర్వాత వచ్చిన 500 రూపాయల గ్యాస్ సిలిండర్, 200 యూనిట్ల ఉచిత కరెంటు కూడా దానితోనే ముడిపడ్డాయి. ఒక జాబితాలో పేరు చెరిగితే నాలుగు పథకాల్లో చెరిగినట్టు.

పేర్లు ఎలా కలుస్తాయి, ఎక్కడ జారతాయి

ఈ పనిని ఆ రంగంలో ఎంటిటీ రిజల్యూషన్ అంటారు. రేషన్ జాబితాలోని మనిషి, రవాణా శాఖ జాబితాలోని మనిషి ఒక్కరేనా అని తేల్చడం. రెండింటిలోనూ ఒకే నెంబరు ఉంటే చిక్కే లేదు. అది లేనప్పుడు పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, చిరునామా పోల్చి స్కోరు వేయాలి. సమగ్ర వేదిక సోర్స్ కోడ్‌ను సమాచార హక్కు కింద అడిగితే ఇవ్వలేదు. కాబట్టి కింద చెప్పేది ఈ తరహా వ్యవస్థలన్నీ నడిచే తీరు, తెలుగునాట డేటా మీద అవి తప్పే తీరు.

ముందు శుభ్రపరచడం: చుక్కలు, ఖాళీలు, ‘శ్రీ’, ‘శ్రీమతి’ తీసేయడం. తర్వాత బ్లాకింగ్: 90 లక్షల కార్డులను లక్షల బండ్లతో ఒక్కొక్కటిగా పోల్చడం కుదరదు కాబట్టి, ఒకే జిల్లావో, ఒకే మొదటి అక్షరాలవో గుంపులు చేసి గుంపు లోపలే పోల్చడం. ఆపైన ఒక్కో జతకు సున్నా నుంచి ఒకటి దాకా స్కోరు. చివరికి కటాఫ్. ఆ గీత పైనున్నవి ‘ఒకే మనిషి’, కిందున్నవి ‘వేర్వేరు’. ఈ నాలుగు మెట్లలో ప్రతిదానికీ మన పేర్లతో ఓ పేచీ ఉంది.

వెంకటేశ్వర్లు అన్న పేరును ఇంగ్లీషు అక్షరాల్లో పది రకాలుగా రాస్తారు. ఎస్ తర్వాత హెచ్ ఉంటుంది, ఉండదు. చివర ‘రావు’ ఒక రికార్డులో ఉంటుంది, ఇంకోదాంట్లో ఉండదు. ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, ఒకచోట పొడి అక్షరంగా, ఒకచోట పేరు వెనక. మహమ్మద్ అన్నది మొహమ్మద్, ముహమ్మద్, ఒట్టి ఎండీ. ఈ తేడాలను దాటి కలపాలంటే కటాఫ్ దించాలి. దించితే వేరే వెంకటేశ్వర్లు కూడా లోపలికి వస్తాడు.

జారో-వింక్లర్ అనే కొలతను పేర్ల పోలికకు విరివిగా వాడతారు. పేరు మొదట్లో నాలుగక్షరాల దాకా కలిస్తే అది అదనపు మార్కులు వేస్తుంది. ఇంగ్లీషు పేర్లలో జనం మొదటి అక్షరాలను సాధారణంగా తప్పు రాయరు కాబట్టి ఆ ఏర్పాటు. మన దగ్గర పేరు మొదట్లో ఉండేది సయ్యద్, షేక్, మహమ్మద్, వెంకట, శ్రీని. ఊరంతా పంచుకునే ముక్కకు బోనస్ మార్కులు వేసి, మనిషిని మనిషి నుంచి విడదీసే చివరి ముక్కకు తక్కువ విలువిస్తే ఏమవుతుంది? ఒకే వీధిలోని ఇద్దరు సయ్యద్‌లు ఒక్కరైపోతారు. 2024లో జర్నలిస్టుల పరిశోధనలో బయటికొచ్చిన కేసుల్లో ఇలాంటిది ఉంది: రిక్షా తొక్కి బతికి, చనిపోయిన ఒక మనిషి పేరు దాదాపు అదే పేరున్న ఒక కారు యజమానితో కలిసిపోయింది. కార్డు పోయింది భార్యకు.

దీనికి మందు పాతదే. ఫెలెగి, సంటర్ అనే ఇద్దరు గణాంక శాస్త్రజ్ఞులు 1969లోనే దారి చూపారు: అరుదైన పేరు కలిస్తే ఎక్కువ బరువు, వీధికి పదిమందికున్న పేరు కలిస్తే తక్కువ బరువు. ‘శ్రీనివాస్’ కలవడం దాదాపు ఏ సాక్ష్యమూ కాదు. ఆ బరువులు తెలంగాణ ఓటరు జాబితా లాంటి స్థానిక డేటా మీద లెక్క కట్టాలి. వేరే దేశం పేర్ల మీద సరిచూసిన కొలతను తెచ్చి పెడితే కుదరదు.

పుట్టిన తేదీ గట్టి సాక్ష్యమనిపిస్తుంది. కానీ ఆధార్ తీసుకున్నప్పుడు పుట్టిన సంవత్సరం మాత్రమే చెప్పినవాళ్లకు తేదీ జనవరి 1గా పడింది. బడిలో వేసుకున్న తేదీలు జూన్, జూలైల్లో కుప్పగా ఉంటాయి. ఒకే పేరు, 01-01-1965 అన్న ఒకే తేదీ ఉన్న ఇద్దరు ఒకే మండలంలో దొరకడం వింతేమీ కాదు. సాఫ్ట్‌వేర్‌కు మాత్రం అది పూర్తి మార్కుల జత.

చిరునామా కథ ఇంకా పెద్దది. పల్లెలో ఇంటి నెంబరు 4-57 అంటే ఏ ఊరి 4-57? 2016 అక్టోబర్ 11న 10 జిల్లాలు 31 అయ్యాయి, 2019లో 33. 2018లో తండాలు, గూడేలు కొత్త గ్రామ పంచాయతీలయ్యాయి. బండి కొన్నప్పటి ఆర్సీలో ‘నల్గొండ జిల్లా’ అని ఉంటుంది, కొత్త రికార్డులో ‘సూర్యాపేట’. జిల్లా కలవాలని పట్టుబడితే నిజమైన జతలు తప్పిపోతాయి. పట్టు సడలిస్తే రాష్ట్రమంతా వెతకాలి, తప్పుడు జతలు పెరుగుతాయి. అంటే పరిపాలన సంస్కరణ ఒకటి చేస్తే మ్యాచింగ్ తప్పుల తీరు మొత్తం మారిపోతుంది. కటాఫ్‌ను అప్పుడు మళ్లీ సరిచూడాలి. ఆ పని క్యాలెండర్‌లో పెట్టుకున్న శాఖలు అరుదు.

ఇంకో తప్పు మొత్తం జాబితాను చూస్తేగాని కనిపించదు. ‘క’ రికార్డు ‘ఖ’తో కలిసింది, ‘ఖ’ ‘గ’తో కలిసింది, కాబట్టి ‘క’, ‘గ’ ఒక్కరే అని గొలుసు కట్టడం. ఒక్క బలహీనమైన లంకెతో రెండు వేర్వేరు కుటుంబాలు ఒకటవుతాయి. ఏడెనిమిది రికార్డులకు మించి పెరిగిన గొలుసును మనిషి కంటితో చూడకుండా వదలకూడదు.

జత సరైనదే, తీర్పు తప్పు

తప్పులన్నీ పేర్లవే అనుకుంటే సగం కేసు వదిలేసినట్టే. జత సరిగ్గా కుదిరినా తీర్పు తప్పే సందర్భాలు బోలెడు, వీటిని ఎంత తెలివైన మోడల్ తెచ్చినా సరిచేయలేం.

కారు అమ్మేశాడు, కొన్నవాడు పేరు మార్పించుకోలేదు. సెకండ్ హ్యాండ్ బండ్ల బజారులో ఇది రోజూ జరిగేదే. రికార్డులో యజమాని ఇంకా పాతవాడే. మరొకడు లోన్ మీద ట్యాక్సీ కొన్నాడు. అది ఆస్తి కాదు, అప్పు. ఈఎంఐ కట్టలేక ఫైనాన్స్ వాళ్లు లాక్కుపోయినా ఆర్సీ మీద పేరు అలాగే ఉంటుంది. ఇంకో ఇంట్లో కొడుకు పెళ్లయి వేరు పడ్డాడు, కారు కొన్నాడు, పేరు మాత్రం అమ్మ కార్డులోనే ఉంది. ఆహార భద్రత చట్టం ప్రకారం కార్డులో ఇంటి పెద్ద అంటే ఇంట్లో 18 ఏళ్లు దాటిన ఆడవాళ్లలో అందరికన్నా పెద్దావిడ. కాబట్టి కొడుకు కారు దెబ్బ తగిలేది, విడిగా ఒంటరిగా ఉంటున్న తల్లికి. మామ చనిపోయి పదేళ్లయినా కరెంటు మీటరు, ఇంటి పన్ను ఆయన పేరు మీదే ఉండటం మన ఇళ్లలో మామూలు.

ఈ కేసుల్లో సాఫ్ట్‌వేర్ అబద్ధం చెప్పలేదు. రికార్డు పాతబడింది, లేదా నిబంధన మోటుగా ఉంది. విచారణ చేసేవాళ్లు ప్రతి రద్దునూ మూడు గంపల్లో ఏదో ఒకదాంట్లో వేయాలి: తప్పుడు జత, పాత రికార్డు, మోటు నిబంధన. మొదటిది సాఫ్ట్‌వేర్ వాళ్లు సరిచేయాలి, రెండోది రవాణా, విద్యుత్, పంచాయతీ శాఖలు, మూడోది జీవో రాసేవాళ్లు. గంపలు కలిపేసి ‘టెక్నికల్ ప్రాబ్లం’ అని రాస్తే ముగ్గురూ తప్పించుకుంటారు.

99 శాతం కరెక్టు అంటే

ఇలాంటి వ్యవస్థ అమ్మేటప్పుడు, కొనేటప్పుడు వినిపించే మాట ‘99 శాతం కచ్చితత్వం’. లెక్క అర్థం కావడానికి కొన్ని ఊహా అంకెలు తీసుకుందాం. లక్ష కుటుంబాలున్నాయి, వాటిలో 3 శాతానికి, అంటే 3,000 ఇళ్లకు నిజంగా కారుంది. వాటిలో 90 శాతాన్ని వ్యవస్థ పట్టుకుంటుంది: 2,700. కారు లేని 97,000 ఇళ్లలో ఒక్క శాతానికే పొరపాటున కారు అంటగడుతుంది: 970. మొత్తం అనుమానితులు 3,670, అందులో 970 మంది నిర్దోషులు. నూటికి 26 మంది. కారు లేనివాళ్ల విషయంలో వ్యవస్థ 99 శాతం సరిగ్గానే పనిచేసింది, అయినా జాబితాలో ప్రతి నాలుగో పేరూ తప్పు. పేదల జాబితాలో కార్లు అరుదు కాబట్టే ఇలా జరుగుతుంది. వెతికేది ఎంత అరుదైతే తప్పుడు జతల వాటా అంత పెరుగుతుంది.

అందుకే అధికారులు అడగాల్సింది ‘మొత్తం మీద ఎంత శాతం కరెక్టు’ అని కాదు. ‘మీరిచ్చిన అనుమానితుల జాబితాలో నూటికి ఎంతమంది నిజంగా అనర్హులు? ఆ అంకె ఏ ఊళ్లో, ఎవరు ఇంటికెళ్లి చూసి తేల్చారు?’ అని. ఈ ఒక్క ప్రశ్నకు రాతపూర్వక జవాబు లేని టెండరును ముందుకు పోనివ్వకూడదు.

స్కోరు తీర్పుగా మారిన చోటు

పై తప్పులన్నీ ఉన్నా ఒక్క కుటుంబానికి కూడా కిలో బియ్యం పోకుండా నడపొచ్చు. జాబితాను ఆధారంగా మాత్రమే తీసుకుని ఇంటికెళ్లి చూస్తే చాలు. తెలంగాణలో ఆ మెట్టు దాటవేశారు. ఎద్దు ఈనిందంటే దూడను గాటన కట్టెయ్యమన్నట్టు, కారుందని స్క్రీన్ చెప్పగానే కార్డు తీసేశారు. తర్వాత బాధితులు తెచ్చిన కాగితాల కన్నా కంప్యూటర్ చూపిన జతకే విలువ ఎక్కువైంది. నిరూపించే భారం తిరగబడింది: ‘నీకు కారుంది’ అని ప్రభుత్వం చూపించనక్కర్లేదు, ‘నాకు కారు లేదు’ అని మనిషి చూపించాలి. లేనిదాన్ని ఎలా చూపిస్తారు?

పోలికకు అదే రాష్ట్రంలోని ఇంకో ప్రయోగం చూడండి. 2020 జనవరి 22న మున్సిపల్ ఎన్నికల్లో కొంపల్లిలోని 10 పోలింగ్ కేంద్రాల్లో ఓటరును ముఖం చూసి గుర్తుపట్టే యాప్‌ను పరీక్షించారు. ముఖాల గుర్తింపు మీద గోప్యత పరంగా గట్టి అభ్యంతరాలున్నాయి, అవి సబబే. కానీ ముఖం కలవకపోతే ఓటు ఆపకూడదని, మామూలు గుర్తింపు కార్డు చూసి పంపాలని ముందే చెప్పారు. కాబట్టి యాప్ తప్పు చేసినా ఎవరి ఓటూ పోదు. ఒకచోట యంత్రం తప్పితే మనిషి కాచుకునే ఏర్పాటు, ఇంకోచోట యంత్రం తప్పితే మనిషి ఏళ్ల తరబడి తిరిగే ఏర్పాటు.

విదేశాల్లో ఇదే ఇంకో రూపంలో కనిపిస్తుంది. ఆస్ట్రేలియాలో రోబోడెట్ అనే సంక్షేమ భత్యాల వసూలు పథకం కింద ఏడాది ఆదాయాన్ని 26 పక్షాలకు (రెండేసి వారాలకు) సమానంగా పంచి, ఆ భాగహారంతో జనం మీద అప్పులు మోపారు; 2020లో 4,70,000 అప్పులను, దాదాపు 72 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్లను వాపసు ఇస్తామని ప్రకటించాల్సి వచ్చింది. అందులో ఏఐ లేదు, ఐదో తరగతి లెక్క ఉంది. నెదర్లాండ్స్‌లో పిల్లల సంరక్షణ భత్యం విషయంలో వేలాది తల్లిదండ్రుల మీద మోసగాళ్లన్న ముద్ర పడి, 2021 జనవరిలో ప్రభుత్వమే రాజీనామా చేసింది.

సుప్రీంకోర్టు, ఆ తర్వాత అంకెలు

హైదరాబాద్ సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్ వేసిన ప్రజా ప్రయోజన వ్యాజ్యంలో 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, 2016 నుంచి రద్దు చేసిన కార్డులన్నిటినీ క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించమని ఆదేశించింది. పరిశీలనకు 4,91,899 దరఖాస్తులు వచ్చాయి. ఆ ఏడాది జూలై నాటికి 2,05,734 పరిశీలన పూర్తయింది, 15,471 మందికి అర్హత ఉందని ఒప్పుకున్నారు. 7.5 శాతం.

ఈ అంకెను రెండు వైపులా తప్పుగా చదువుతున్నారు. ‘అయితే 92.5 శాతం రద్దులు సరైనవే కదా’ అనడం తప్పు. ఏళ్ల తర్వాత చేసిన పరిశీలన అది. ఈలోగా వలసపోయినవాళ్లున్నారు, చనిపోయినవాళ్లున్నారు, ఇల్లు మారినవాళ్లున్నారు. వెళ్లిన రోజు ఇంటికి తాళం ఉంటే అది అనర్హత కాదు. ఇక 7.5 శాతాన్ని 18.6 లక్షలకు గుణించి ‘ఇన్ని లక్షల మంది నిర్దోషులు’ అనడమూ నిలవదు. పరిశీలనకు వచ్చినవాళ్లు యాదృచ్ఛికంగా ఎంచినవాళ్లు కాదు, తమంతట తాము వచ్చినవాళ్లు. గట్టిగా చెప్పగలిగింది ఇది: కనీసం 15,471 కుటుంబాల అన్నం తప్పుగా ఆగింది, ఆ సంగతి ప్రభుత్వ పరిశీలనలోనే తేలింది.

ముందే చేసుంటే ఖర్చెంత? రద్దుకు ముందు అనుమానితుల జాబితా నుంచి 400 ఇళ్లను లాటరీ తీసినట్టు ఎంచి చూస్తే, తప్పుల శాతం అటూ ఇటూ 5 పాయింట్ల తేడాలో తెలిసిపోతుంది. ఒక ఉద్యోగి రోజుకు 15 ఇళ్లు చూడగలడనుకుంటే అది 27 పనిదినాలు. జిల్లాల వారీగా, కారణాల వారీగా విడివిడిగా కావాలంటే ఒక్కో గుంపుకూ అంతే. ఎలా లెక్కేసినా, దాదాపు 5 లక్షల దరఖాస్తులను వెనక్కి తవ్వడంతో పోలిస్తే అది చిల్లర.

ఇలాంటి వ్యవస్థ నడిపే శాఖకు కనీస క్రమం ఇలా ఉండాలి. మొదట పై నమూనా. తప్పులు నూటికి రెండు మూడు దాటితే జాబితా వెనక్కి పంపాలి. దాటకపోయినా ప్రతి ఇంటికీ తెలుగులోనో ఉర్దూలోనో నోటీసు. అందులో ‘అనర్హులు’ అన్న ముక్క సరిపోదు. ఏ శాఖ రికార్డు, బండి నెంబరు, రిజిస్టరైన తేదీ, ఎవరి పేరు మీద ఉంది, ఎవరికి ఎప్పటిలోగా జవాబివ్వాలి, ఇవన్నీ ఉండాలి. జవాబు తేలేదాకా బియ్యం ఆపకూడదు. ఇల్లు చూసిన ఉద్యోగి పేరు పంచనామా మీద ఉండాలి. సాఫ్ట్‌వేర్ మాట కాదని కార్డు నిలబెట్టిన ఉద్యోగిని సంజాయిషీ అడిగే పద్ధతి ఉంటే ఇవన్నీ వృథా, సాఫ్ట్‌వేర్ మాటను ఎవరూ కాదనరు. సంజాయిషీ అడగాల్సింది, ఇంటికెళ్లకుండా రద్దు చేసినవాడిని. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో సెక్షన్ 8(3) కూడా, మనిషి మీద ప్రభావం చూపే నిర్ణయానికి వాడే డేటా పూర్తిగా, సరిగ్గా ఉండాలంటుంది.

కార్డు పోయిన ఇల్లు చేయాల్సింది

మొదట కారణం రాతలో రాబట్టాలి. నోటిమాట ‘కారుందట’ పనికిరాదు. మీరు మీ పేరు మీద ఉన్న బండ్లను వెతుక్కోలేరు: ఎంపరివాహన్ లాంటి యాప్‌లలో బండి నెంబరు కొడితే వివరాలొస్తాయి, పేరు కొడితే రావు. నెంబరు వాళ్ల దగ్గరుంది, మీ దగ్గర లేదు. అందుకే మొదటి దరఖాస్తు నెంబరు కోసమే.

సమాచార హక్కు దరఖాస్తు మండల స్థాయిలో 5 రూపాయలు, పై స్థాయిలో 10 రూపాయలు, గ్రామ స్థాయిలో ఫీజు లేదు. తహసీల్దార్ కార్యాలయం, జిల్లా పౌర సరఫరాల కార్యాలయం రెండింటికీ విడిగా వేయడం మేలు, లేదంటే ఒకరు ఇంకొకరి మీదికి తోస్తారు. అడగాల్సినవి: కార్డు రద్దు ఉత్తర్వు ప్రతి, రద్దు తేదీ, ఆధారంగా తీసుకున్న రికార్డు ఏ శాఖది, బండి లేదా ఆస్తి నెంబరు, నోటీసు పంపి ఉంటే అది అందిన రుజువు, ఇల్లు చూసిన ఉద్యోగి హోదా, పంచనామా ప్రతి. ‘ఎందుకు రద్దు చేశారు’ అని అడగొద్దు. అభిప్రాయం అడిగారంటూ తిప్పి పంపే వీలుంటుంది. ఉన్న కాగితాల నకళ్లే అడగాలి. 30 రోజుల్లో జవాబు రాకపోతే ఆపై 30 రోజుల్లో మొదటి అప్పీలు.

నెంబరు చేతికొచ్చాక దారులు చీలతాయి. బండి ఎవరిదో తెలియనిదైతే, అది తప్పుడు జత. ఆర్టీఏ ఆఫీసు నుంచి ఆ బండి యజమాని తండ్రి పేరు, చిరునామా రికార్డు తెప్పించమని కోరుతూ, మీ ఆధార్, ఓటరు కార్డు జతచేసి తహసీల్దార్‌కు అర్జీ ఇవ్వాలి. తేడా ఒక్క తండ్రి పేరులో కనిపించినా చాలు. బండి ఒకప్పుడు మీదే, అమ్మేశారంటే, అది పాత రికార్డు. అమ్మిన కాగితం, ఉంటే ఫారం 29 నకలు, కొన్నవాడి వివరాలు పెట్టి ఆర్టీఏలో పేరు మార్పుకు కదలాలి. ఫారం 29 అమ్మకం తెలియజేసేది, ఫారం 30 పేరు మార్పు కోరేది. మోటారు వాహనాల చట్టం ప్రకారం రాష్ట్రం లోపల అమ్మినవాడు 14 రోజుల్లో తెలపాలి. కొనేవాడు చేయించుకుంటాడులే అని వదిలేసే అలవాటే చాలా కార్డులను ముంచింది. వేరు పడ్డ కొడుకు కారు అయితే, ముందు కార్డులో అతని పేరు తొలగింపుకు మీసేవలో దరఖాస్తు, ఆ రసీదుతో మీ కార్డు పునరుద్ధరణకు అర్జీ. ఈ రెండూ వెనకా ముందూ చేస్తే మళ్లీ అదే జత పడుతుంది.

అర్జీకి రసీదు లేకుండా కౌంటర్ వదలొద్దు. సోమవారం కలెక్టరేట్ ప్రజావాణిలో ఇస్తే నెంబరు పడుతుంది. అక్కడా కదలకపోతే జాతీయ ఆహార భద్రత చట్టం, 2013 కింద సెక్షన్ 15 ప్రకారం జిల్లా ఫిర్యాదుల పరిష్కార అధికారి, ఆపైన సెక్షన్ 16 కింద రాష్ట్ర ఆహార కమిషన్ ఉన్నాయి. హెల్ప్‌లైన్ 1967కు చేసిన ఫోన్ సాక్ష్యంగా నిలవాలంటే ఫిర్యాదు నెంబరు రాసుకోవాలి. హక్కు ఉండీ ధాన్యం అందకపోతే ఆహార భద్రత భత్యం ఇవ్వాలని సెక్షన్ 8 అంటుంది. ఆగిన నెలల లెక్క విడి కాగితం మీద రాసి, ఏ నెల నుంచి, ఎన్ని కిలోలు అన్నది అర్జీతో పాటే అడగాలి. పునరుద్ధరణ అయ్యాక విడిగా అడిగితే ‘కార్డు వచ్చింది కదా’ అంటారు.

కార్డు తిరిగొచ్చినా పని అయిపోలేదు. ఆర్టీఏ, విద్యుత్ రికార్డుల్లో మూలం సరికాకపోతే తర్వాతి ఏరివేతలో అదే స్కోరు, అదే జత మళ్లీ పైకి తేలుతుంది. తప్పుడు జత తేలిన కేసుల్లో ‘ఈ రెండు రికార్డులు వేర్వేరు మనుషులవి’ అని వ్యవస్థలో శాశ్వతంగా నమోదు చేయమని అర్జీలోనే ఒక వాక్యం రాయాలి. మ్యాచింగ్ సాఫ్ట్‌వేర్లలో ఇలా విడదీసి ఉంచే జాబితా పెట్టుకునే వీలుంటుంది. అడిగినవాళ్లకే అది చేస్తారు.